పాలు పొంగలేదని ధ్రువపత్రం

గౌతమీపురంలో అద్దెకు తీసుకున్న ఇల్లు, అందులో దిగకముందే వద్దనుకోవడం చాలా తేలిక. ఆ మాట నగరపాలక సంస్థ వారి కరపత్రంలో రెండో పేజీలోనే అచ్చేసి ఉంది. "ఇంట్లో పాలు పొంగనంత కాలం అద్దెదారు ఏ కారణమూ చెప్పకుండా ఒప్పందం నుంచి తప్పుకొనవచ్చును" అని. సదాశివం అది చదివి చాలా సంతోషించాడు. దాని కింద చిన్న అక్షరాల్లో "పాలు పొంగలేదని రుజువు చేసుకొనవలెను" అని ఇంకో వాక్యం ఉంది. దాన్ని కూడా చదివాడు గానీ, జరగని పని జరగలేదని చెప్పడానికి కష్టమేముంది అనుకున్నాడు. పాపం, భూసార పరీక్షా కేంద్రంలో ఉద్యోగం. మట్టితో తప్ప మనుషులతో పెద్దగా పని పడని మనిషి.

ఈ పాల గొడవ ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. ఒకప్పుడు అద్దె ఏ రోజు నుంచి మొదలైనట్టు అనే దాని మీద ఇంటివాళ్లకీ అద్దెవాళ్లకీ రోజూ తగాదాలే. సంతకం పెట్టిన రోజని ఒకరంటే, తాళాలు తీసుకున్న రోజని ఇంకొకరు, మంచం మేడెక్కించిన రోజని మరొకరు. సరిగ్గా ఆ రోజుల్లోనే పరిపాలనలోకి మన సంప్రదాయాన్ని తేవాలని పెద్దలందరికీ ఒక్కసారిగా ఉత్సాహం పుట్టుకొచ్చింది. ఫైళ్లకు పసుపు రాశారు. టెండర్లు దుర్ముహూర్తం దాటాక తెరిచారు. ఆ ఊపులో ఒక కమిటీ కూడా వేశారు. కొత్త ఇంట్లో దిగినప్పుడు మనవాళ్లు ముందుగా చేసే పని పొయ్యి మీద పాలు పొంగించడమే కాబట్టి, పాలు గిన్నె అంచు దాటి పొర్లిన క్షణమే కాపురం మొదలైన క్షణమని ఆ కమిటీ పదకొండు నెలలు ఆలోచించి తేల్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. వారం తిరక్కుండా నివాస ప్రారంభ నిర్ధారణ విభాగం వెలిసింది. దానికో అధికారి, ఆయన కింద క్షీర పరిశీలకులు, వాళ్లకి సైకిళ్లు. ఊళ్లో గోడలన్నిటి మీదా "ఒక కుటుంబానికి ఒకే పొయ్యి" అని ఆకుపచ్చ రంగుతో రాయించారు. ఒక పొయ్యి మీద పేరు పడ్డవాళ్లు అది రద్దు చేయించుకోకుండా మరో ఊళ్లో మరో పొయ్యి ముట్టించడానికి వీల్లేదు.

సదాశివానికి ఇక్కడే పీటముడి పడింది.

అతనికీ హైమవతికీ పెళ్లయి నాలుగేళ్లు. ఆమె లంకపల్లి హైస్కూల్లో లెక్కల టీచరు. అతను సర్కారు ఏ ఊరి మట్టి పరీక్షించమంటే ఆ ఊళ్లో. లంకపల్లిలో ఆమె ఉండేది ఆడ టీచర్ల హాస్టల్లో. మొగుళ్లకి గేటు దాటి వరండా దాకానే ప్రవేశం. ఆదివారం వస్తే అతను రెండు బస్సులు మారి వెళ్లి, ఆ వరండా బెంచీ మీద, వార్డెను గారి కళ్లెదుట, కట్టుకున్న భార్యకి రెండు మూరల దూరంలో కూర్చుని, సాయంత్రం బస్సుకి వెనక్కి వచ్చేవాడు. భార్యాభర్తల్ని ఒక చోట వెయ్యండి మహాప్రభో అని ఇద్దరూ కలిసి పెట్టుకున్న అర్జీలు ఇరవై మూడు. చివరికి ఆమెను గౌతమీపురం మారుస్తున్నారని గట్టి కబురు రావడంతో, సుందరమ్మ గారి మేడమీది భాగం ఇద్దరి పేర్ల మీదా ఒప్పందం రాసుకున్నారు. సంతకాలైన నాలుగో రోజున ఉత్తర్వులు వచ్చాయి. ఆమెను గౌతమీపురం వెయ్యలేదు. అతన్నే లంకపల్లి వేశారు.

ఏదైతేనేం, ఒక ఊరు దొరికింది. సదాశివం ఆ కాగితం పట్టుకుని ఆఫీసు వెనకాల మట్టి బస్తాల మధ్య ఎవరూ చూడకుండా కాసేపు ఏడ్చాడు కూడా. లంకపల్లి చిన్న ఊరు, అద్దెకిచ్చే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బడి వెనక రెండు గదుల ఇల్లొకటి ఖాళీ అయింది. ఆ ఇంటాయన మంచివాడే. నెలాఖరు దాకా ఆగుతానన్నాడు, పాత పొయ్యి రద్దైన పత్రం తెచ్చి తాళాలు తీసుకెళ్లమన్నాడు. నెలాఖరు దాటితే మాత్రం తన దారి తనదే అన్నాడు. అది తప్పిపోతే మళ్లీ ఆ వరండా, ఆ బెంచీ, ఆ వార్డెను.

సుందరమ్మ గారు సంగతంతా విని, ఇచ్చిన అడ్వాన్సు అప్పటికప్పుడే తెచ్చి చేతిలో పెట్టారు. ఒప్పందం కాగితం నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశారు.

"మొగుడూ పెళ్లాం ఒక చోట పడుతున్నారంటే నేనడ్డం పడతానా బాబూ. పాలు పొంగిచ్చేరా? లేదు కదా. ఇంకేటి మరి, ఎళ్లి ఆ ముద్రేదో ఏయించేసుకోండి" అన్నారు.

ముద్ర వేయవలసిన వారు కందాళ విశ్వపతి గారు, నివాస ప్రారంభాధికారి. ఆయన బల్ల మీద ఒక పక్క కంచు గిన్నె, ఇంకో పక్క నిబంధనల పుస్తకం ఉంటాయి. ఆయన మామూలు తెలుగు మాట్లాడటం మానేసి చాలా కాలమైంది. ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడతారని ఆఫీసులో చెప్పుకుంటారు.

"తమరు కోరునది రద్దు" అన్నారాయన. "రద్దునకు పూర్వము, ప్రారంభము కాలేదని నిర్ధారణ కావలెను. సదరు గృహమందు పాలు పొంగలేదనుటకు తమ వద్ద గల ఆధారమేమి?"

"పొంగించలేదండి."

"అది తమ మాట. ఆధారమడుగుచున్నాను."

"అసలు మేం ఆ ఇంట్లో అడుగే పెట్టలేదండి."

"అడుగే పెట్టనివారికి, లోపల పాలు పొంగినదీ పొంగనిదీ ఎట్లు తెలియును?"

సదాశివం తన అర్జీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. తనుండే లాడ్జి గదికెళ్లి రాత్రంతా ఆలోచించినా ఆ ప్రశ్నకి జవాబు దొరకలేదు. ఆలోచించేకొద్దీ ఆయనదే న్యాయమనిపించింది, అదీ అతని బాధ.

మర్నాడు పొద్దున్నే పైడిరాజు అనే క్షీర పరిశీలకుడు సైకిలు మీద దిగాడు. రిటైర్‌మెంటు దగ్గర పడ్డ మనిషి, ఒక చేతిలో భూతద్దం, ఇంకో చేతిలో "పాలు తాగడానికి కాదు, చూడడానికి" అని రాసి ఉన్న సంచీ. మేడమీది వంటింట్లో గట్టు మీదికి వంగి అంగుళం అంగుళం వెతికాడు. అరగంటకి అతని మొహం వెలిగింది.

"మచ్చ ఉందండి" అన్నాడు.

"అది పోయినేడున్న గుమాస్తా గారి పెళ్లాం పులుసు పొంగిచ్చిన మచ్చయ్యా. తోమి తోమి నా చేతులు పడిపోయేయి, పోలేదు" అన్నారు సుందరమ్మ గారు.

"అయ్యుండొచ్చండి. పులుసో పాలో నేను చెప్పకూడదండి. లేబొరేటరీ చెప్పాలండి."

గౌతమీపురంలో ఉన్న లేబొరేటరీ ఒక్కటే. అది సదాశివం పనిచేసే భూసార పరీక్షా కేంద్రం. పైడిరాజు మచ్చని చాకుతో గీకి, సీసాలో వేసి, లక్క ముద్ర కొట్టి అక్కడికే పంపాడు. తన కేసు తాను చూడకూడదని సదాశివాన్ని ఆ రోజు బయట చెట్టుకింద కూర్చోబెట్టారు. అతని పక్క సీటాయన పరీక్ష చేశాడు. ఆయన నిజాయితీపరుడు. తన దగ్గరున్న ఫారం ఒక్కటే కాబట్టి ఆ ఫారం నిండా నింపి పంపాడు. "నమూనాలో నత్రజని తక్కువ, భాస్వరం మధ్యస్థం, పొటాష్ ఎక్కువ. లవణాలు పరిమితికి మించి ఉన్నవి. ఈ వంటగట్టు వరికి అనుకూలం కాదు. జీలుగ చల్లి కలియదున్నిన పిమ్మట సజ్జ వేసుకొనవచ్చును."

విశ్వపతి గారు ఆ నివేదికను రెండుసార్లు చదివారు, మొహంలో ఏ మార్పూ లేకుండా.

"ఇందు పాలు అని లేదు. పాలు కాదు అనియు లేదు. కనుక సదరు పొయ్యి అనిశ్చిత స్థితియందున్నది. ఆరవ నిబంధన ననుసరించి పదునైదు దినములు నిఘా ఉంచవలెను. ఆ పదునైదు దినములును పాలు పొంగనిచో, పూర్వమునందును పొంగలేదని భావింపబడును."

సదాశివం వేళ్ల మీద లెక్కేశాడు. పదిహేను రోజులంటే ఇరవై తొమ్మిదో తారీకు. నెలాఖరుకి ఒక్క రోజు మిగులుతుంది. ప్రాణం లేచొచ్చింది.

"అలాగే ఉంచండి సార్. పదిహేను రోజులయ్యాక వచ్చి తీసుకుంటాను."

"తమరు పోవుటకు వీలులేదు. తమరు లేని సమయమున పరులెవ్వరైన పాలు పొంగించి, ఆ నివాసమును తమకంటగట్టవచ్చును. అది తమకే నష్టము. కావున అర్జీదారు నిఘాకాలమంతయు సదరు గృహమందే ఉండవలెను."

"ఆ ఇంట్లో ఉండటం లేదని రుజువు చెయ్యడానికి ఆ ఇంట్లోనే ఉండాలాండీ?"

"ఉండుట వేరు, నివసించుట వేరు" అన్నారు విశ్వపతి గారు, పిల్లవాడికి చెబుతున్నంత ఓపిగ్గా. తర్వాత ఒప్పందం నకలు తిరగేసి కళ్లద్దాలు సవరించుకున్నారు. "ఇందు రెండవ సంతకమొకటి ఉన్నది. శ్రీమతి హైమవతి. ఆమెయు అర్జీదారే. ఆమెయు ఉండవలెను."

ఆ సాయంత్రమే లంకపల్లి హైస్కూలు హెడ్మాస్టరు గారికి తాఖీదు వెళ్లింది. సదరు ఉపాధ్యాయినిని పదిహేను రోజులు నిఘా విధుల నిమిత్తం తక్షణం రిలీవు చేయవలెనని, ఆ కాలాన్ని డ్యూటీగానే పరిగణించవలెనని. ఇరవై మూడు అర్జీలు నాలుగేళ్లలో చెయ్యలేని పని ఒక పులుసు మచ్చ నాలుగు గంటల్లో చేసింది. హైమ ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో దిద్దాల్సిన మూడో యూనిట్ పేపర్ల కట్ట పట్టుకుని మర్నాడు మధ్యాహ్నానికి బస్సు దిగింది.

"నేను చేసిన తప్పేంటండీ?" అన్నది ఆమె మొగుణ్ని అడిగిన మొదటి మాట.

"సంతకం పెట్టావు" అన్నాడు సదాశివం.

మేడమీది భాగానికి తాళం తీశారు. ఏం లోపలికి తేవచ్చో, ఏం తేకూడదో పైడిరాజు చదివి వినిపించాడు. మంచం నివాస చిహ్నం, తేకూడదు. చాప నిఘా సామగ్రి, తేవచ్చు. గుమ్మం ముందు ముగ్గు, గడపకి పసుపు, ద్వారానికి తోరణం నివాస చిహ్నాలు. ఆరేసిన బట్టలు కూడా నివాస చిహ్నమే కాబట్టి వాటిని కింద సుందరమ్మ గారి తీగ మీద ఆరేసుకోవాలి. పొయ్యి ముట్టించకూడదు. భోజనం కింద నుంచి వస్తుంది.

"మజ్జిగో, పెరుగో తెచ్చుకోవచ్చాండీ?" అని హైమ అడిగింది.

పైడిరాజు తడబడి, సైకిలేసుకుని ఆఫీసుకి వెళ్లి, రాతపూర్వకంగా జవాబు తెచ్చాడు. "పెరుగు అనునది పొంగు యోగ్యతను కోల్పోయిన పాలు. అనుమతించవచ్చును."

పైడిరాజు రోజూ తొమ్మిదింటికి వచ్చి వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుని, పొయ్యికేసి చూస్తూ కూర్చునేవాడు. చేతిలో ఫారం. వేళ, పాల స్థితి, ఇతర పరిశీలనలు అని మూడు గడులు. సాయంత్రం ఐదింటికి పొయ్యికి ఎర్ర దారం చుట్టి, లక్క ముద్ర వేసి ఇంటికి వెళ్లిపోయేవాడు. మొదటి రోజు ఫారంలో గంటగంటకీ "పాలు లేవు" అని రాశాడు. రెండో రోజు అది వెనక్కి వచ్చింది, పక్కన విశ్వపతి గారి చేవ్రాలుతో. "పాలే లేనిచో అవి పొంగలేదని ఎట్లు చెప్పవచ్చును? పొంగకుండుటకు పాలు ఉండవలెను. ప్రతిదినము అర లీటరు పాలను గిన్నెయందు పోసి, ముట్టించని పొయ్యిమీద నుంచి, అవి పొంగకుండుటను ప్రత్యక్షముగా పరిశీలింపవలెను."

అప్పటినుంచి రోజూ ఒక పాల ప్యాకెట్టు సర్కారు ఖర్చుతో వచ్చేది. చల్లటి పొయ్యి మీద చల్లటి పాలు. ముగ్గురూ వాటి చుట్టూ చేరి కూర్చునేవాళ్లు. ఎండ ముదిరేసరికి పాలు విరిగేవి.

"విరిగినయ్యని రాయనాండీ?" అని పైడిరాజు గిన్నెలోకి తొంగి చూసేవాడు. "ఆ గడిలో పొంగినయ్యి, పొంగలేదు అని రెండే ఉన్నాయండి. విరిగినయ్యని రాత్తే పెద్దాయన కొత్త విభాగం పెట్టేత్తారేమోనని భయమండి."

"పొంగలేదనే రాయండి బాబాయ్‌గారూ. విరిగినా పొంగనట్టే కదా" అని హైమ అనేసరికి అతని ప్రాణం కుదుటపడేది.

ఇక హైమా సదాశివాల సంగతి. నాలుగేళ్లుగా వాళ్లు మాట్లాడుకున్నదంతా వార్డెను విన్నా ఫరవాలేదనిపించే మాటలే. ఇప్పుడు ఖాళీ గదుల్లో ఒక చాప, రెండు కంచాలు, ఎదురెదురుగా ఇద్దరు. ఆమె అన్నంలో ముందు ఆవకాయ కలుపుకుంటుందని అతనికి మూడో రోజున తెలిసింది. అతను తల దువ్వుకుంటూ అద్దంతో మాట్లాడతాడని ఆమెకి నాలుగో రోజున తెలిసింది, ఆ రోజంతా ఆమె నవ్వుతూనే ఉంది. సామాను లేని గది కావడంతో ఆ నవ్వు గోడలకి కొట్టుకుని రెండింతలై కిందికి వినపడేది. ఆమె పేపర్లు దిద్దుతూ పిల్లలు రాసిన వింత జవాబులు పైకి చదివేది. ఒకడు త్రిభుజానికి నాలుగో కోణం కనిపెట్టాడని చెబితే సదాశివం మజ్జిగ గుక్క పొలమారి, పైడిరాజు వచ్చి వీపు చరచాల్సి వచ్చింది. వాళ్లకి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. దానికి కారణం వాళ్లకి అర్థమయ్యేది కూడా కాదు. ఈ ఇంట్లో వాళ్లు లేనట్టే లెక్క కాబట్టి చుట్టాలు రారు, ఓటర్ల జాబితావాళ్లు రారు, "పిల్లలెప్పుడు" అని అడిగే ఆవిడా రాదు. లేనివాళ్ల ఇంటికి ఎవరొస్తారు.

పద్నాలుగో రోజుకి పైడిరాజు ఫారాలన్నీ కుట్టి ఆఫీసులో ఇచ్చాడు. అతను నిజం దాచే మనిషి కాదు. మొదటి రెండు గడులూ సరిగ్గానే ఉన్నాయి. మూడో గడిలో, ఇతర పరిశీలనలు అని ఉన్నచోట, రోజుకి ఆరేడుసార్లు ఒకే మాట రాసి ఉంది. "నవ్వులు వినిపించినవి." ఒక్కచోట మాత్రం పక్కన "నాలుగో కోణము గురించి" అని ఉంది.

ఇరవై తొమ్మిదో తారీకు పొద్దున విచారణకి రమ్మని దంపతులిద్దరికీ, సుందరమ్మ గారికీ తాఖీదులొచ్చాయి. విశ్వపతి గారి ముందు ఆ కట్ట తెరిచి ఉంది. నవ్వులున్న చోటల్లా ఎర్ర సిరాతో గీతలు.

"మొత్తము తొంబదియారు నవ్వులు" అన్నారాయన. "సదరు గృహమందెవ్వరును నివసించుటలేదని తమ వాదన. నివసించని యింట నవ్వినదెవరు?"

"మేమేనండి" అన్నాడు సదాశివం. సాయంత్రానికి పత్రం చేతికి రాకపోతే, రేపటితో లంకపల్లి ఇల్లు పోతుంది. "నవ్వకూడదని ఎక్కడా రాయలేదండి."

"నవ్వకూడదనియు లేదు, నవ్వవచ్చుననియు లేదు. ముగ్గు చిహ్నమైనప్పుడు, తోరణము చిహ్నమైనప్పుడు, దంపతుల నవ్వు చిహ్నమెట్లు కాదు? ఇది నివాసమునకు ప్రబల సాక్ష్యమని తోచుచున్నది. ఒప్పందము ప్రకారము మూడేండ్ల వరకు ఖాళీచేయు వీలులేదని ఆజ్ఞ వ్రాయవలసి యుండును."

హైమ సదాశివం చెయ్యి పట్టుకుంది. లెక్కల టీచరు కాబట్టి మూడేళ్లంటే ఎన్ని ఆదివారాలో ఆమెకి అప్పటికే తెలిసిపోయింది. కళ్లనిండా నీళ్లొచ్చేశాయి. పైడిరాజు తల దించుకుని, తను రాసిన అక్షరాల్ని తనే ద్వేషిస్తున్నట్టు చూస్తున్నాడు.

అప్పుడు సుందరమ్మ గారు లేచి కొంగు బిగించారు.

"అయ్యా, నాకు చట్టం తెలీదు. నేనిళ్లు అద్దెకిస్తా ముప్పైయేళ్లయ్యింది. ఇప్పటికి పందొమ్మిది కాపరాలు చూసేను నా మేడ మీద. గిన్నెలు ఇసిరేసుకున్న చప్పుళ్లిన్నాను. తలుపులు ధడేల్మని ఏసుకున్న చప్పుళ్లిన్నాను. నెలల తరబడి చప్పుడే లేని కాపరాలూ చూసేను. ఆళ్లంతా పాలు పొంగిచ్చినోళ్లేనండి, శుబ్బరంగా. ఒక్క కాపరంలో ఇలాటి నవ్వులు నేనిన్లేదు. కాపరం చేసేవోళ్లు ఇలాగ నవ్వుతారాండీ?"

విశ్వపతి గారు ఏదో అనబోయారు. ఆవిడ ఆగలేదు.

"పోనీ మీరే సెప్పండి. మీ ఇంట్లో పాలు పొంగి ఎన్నేళ్లయ్యిందండి?"

"ముప్పదియొక్క సంవత్సరములు."

"మరి రోజుకి ఏడు నవ్వులు వినిపిత్తాయాండి మీ ఇంట్లో?"

విశ్వపతి గారు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. కిటికీలోంచి బయటికి చూశారు. ఆయన చాలాసేపు లెక్కపెట్టుకున్నట్టున్నారు, వేళ్లు కదిలాయి, మళ్లీ ఆగిపోయాయి. ఆ తర్వాత కలం తీసుకుని ఎవరికేసీ చూడకుండా రాయడం మొదలుపెట్టారు. రాసినదాన్ని పైకి చదివారు.

"సదరు గృహమందు నిఘాకాలమంతయు దంపతుల నవ్వులు నిరంతరాయముగా వినిపించినవి. ఇంటి యజమానురాలి అనుభవమును, ఈ అధికారి స్వానుభవమును పరిగణనలోనికి తీసికొనగా, కాపురమారంభమైన ఇంట ఇట్టి నవ్వులు సంభవింపవని విశదమగుచున్నది. కావున సదరు గృహమందు నివాసము ప్రారంభము కాలేదని ఇందుమూలముగా నిశ్చయింపబడినది. పొయ్యి రద్దు. అధికారులందరు ఇకముందు దీనిని ఆధారముగా గైకొనవలెను."

ముద్ర పడింది. పత్రం ఇస్తూ ఆయన హైమకేసి చూశారు. ఏళ్ల తర్వాత మామూలు తెలుగు నోట్లోకి వచ్చింది. "ఆ నాలుగో కోణం సంగతేంటమ్మా? ఫారంలో అంతే రాశాడు, వివరం రాయలేదు."

హైమ చెప్పింది. ఆయన నవ్వలేదు గానీ, ఆ మాట ఇంటికి తీసుకెళ్లే మనిషిలా జాగ్రత్తగా ఒక చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు బస్సులో వాళ్లిద్దరూ లంకపల్లి వెళ్లారు. చాప, రెండు కంచాలు, పెట్టె, దిద్దిన పేపర్లు. కిటికీ పక్కన హైమ పత్రాన్ని మళ్లీ మళ్లీ చదువుకుంది.

"ఏవండీ, ఇది చట్టమైపోయినట్టేనా?"

"అధికారులందరూ ఆధారంగా తీసుకోవాలన్నాడుగా."

"అంటే మొదలయ్యాక నవ్వు ఉండదన్నమాట, రూలు ప్రకారం."

సదాశివం నవ్వేశాడు గానీ ఆమె నవ్వలేదు. బస్సు దిగేదాకా ఆ పత్రాన్ని మడవకుండా ఒళ్లోనే పెట్టుకుంది.

లంకపల్లి ఇంట్లో ఆ ఊరి క్షీర పరిశీలకురాలు అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. చిన్న వయసు పిల్ల, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది, ఒక చేతిలో గడియారం, ఇంకో చేతిలో మూత తీసిన కలం. ఇంటాయన తాళాలిచ్చి, మూడున్నర తర్వాత మంచి గడియలు లేవని గుర్తుచేసి వెళ్లిపోయాడు. హైమ కొత్త గిన్నెకి పసుపు రాసి బొట్టు పెట్టింది. తూర్పు మొహంగా పొయ్యి మీద పెట్టి పాలు పోసింది. సదాశివం అగ్గిపుల్ల గీశాడు.

ముగ్గురూ చూస్తున్నారు. ముందు అంచుల్లో చిన్న బుడగలు. తర్వాత మీగడ ముడతలు పడింది. తర్వాత గిన్నె మధ్యలో తెల్లగా ఒక గుండ్రం లేచి, పైకి పైకి వచ్చింది. పరిశీలకురాలు కలం కాగితానికి ఆనించింది. సదాశివం ఊపిరి బిగబట్టి, అద్దంతో మాట్లాడేటప్పటిలా తనలో తనే ఏదో గొణుక్కుంటున్నాడు. హైమ అతని మొహం చూసింది. ఆమెకి పొట్ట చెక్కలయ్యేంత నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే చెయ్యి చాచి పొయ్యి ఆపేసింది.

పాలు అంచు దాకా వచ్చి, ఒక్క క్షణం నిలబడి, నెమ్మదిగా కిందికి దిగిపోయాయి.

"ఆపేశారేంటండి?" అంది పరిశీలకురాలు కంగారుగా. "ఇంకొక్క సెకనులో అయిపోయేది."

"ఇవాళ వద్దులెండి. రేపు చూద్దాం" అంది హైమ.

"రేపంటే మళ్లీ నేను రావాలండి. పొంగేదాకా మీరిద్దరూ ఈ ఇంట్లో కాపురం ఉన్నట్టు లెక్క కాదు, తెలుసా? ఎన్నాళ్లలో పొంగించాలని గడువు కూడా లేదు రూల్సులో. ఏళ్లు పట్టినా నేనలా తిరుగుతూనే ఉండాలి."

"తెలుసమ్మా" అన్నాడు సదాశివం. అప్పటికి అతనికీ అర్థమైంది. హైమకేసి చూసి, ఇంక ఆపుకోలేక అతనూ మొదలుపెట్టాడు. నవ్వు ఖాళీ గోడలకి కొట్టుకుని వీధిలోకి వెళ్లింది.

పరిశీలకురాలు వాళ్లిద్దర్నీ మార్చి మార్చి చూసి, కాగితం మీద "పొంగలేదు" అని రాసింది. రాసి, ఇతర పరిశీలనల గడిలో ఏం రాయాలో తెలియక కలం నోట్లో పెట్టుకుని ఆలోచిస్తూ కూర్చుంది. హైమ ఆ పాలతోనే ముగ్గురికీ కాఫీ కలిపింది.